గట్టు మీద కూర్చున్నవాళ్ళు

2020 డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం. మా అక్క వాకిట్లో కూర్చొని, నానబెట్టిన అనపగింజలు పితుకుతా ఉంది. నేను బావ పక్కన కూర్చొని బ్యాంకుకు ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టు ఒక్కో కాగితం తిప్పి చూపిస్తున్నాను. ఒక పేజీ మధ్యలో లావు అక్షరాలతో 49 లక్షలు అని ఉంది. తమిళనాడులో ఏడాదికి సరదాగా పడవ ఎక్కేవాళ్ళు అంతమంది అని నా లెక్క. బావ కళ్ళద్దాలు సర్దుకొని ఆ అంకెనే చూస్తా ఉండిపోయినాడు. అక్క పితకడం ఆపకుండానే అడిగింది.

"ఒరే, మనింట్లో యెవురన్నా యెప్పుడన్నా పడవెక్కినారా?"

నేను బదులు చెప్పలేదు. "ఇవన్నీ నీకు తెలిసేవి కాదులేక్కా" అన్నాను. అక్క మళ్ళీ మాట్లాడలేదు. గింజ వేళ్ళ సందున నలిగి పప్పు గిన్నెలో పడే చప్పుడు మాత్రం వినిపిస్తా ఉండింది. ఆ రోజు ఆ ప్రశ్నకు నిజమైన బదులు ఇచ్చి ఉంటే మా బావ పదవీ విరమణ డబ్బులో నాలుగు లక్షలు ఆయన దగ్గరే ఉండేవి.

నేను ఉండేది జూజువాడిలో. హోసూరు దాటి బెంగళూరు దారిలో పోతే తమిళనాడుకు చివర మా ఊరు, ఆ పక్క అత్తిబెలెతో కర్ణాటక మొదలు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, అత్తిబెలె సంతలో కన్నడం. నా చిన్నప్పుడు మా ఊరంటే చెక్‌పోస్టే. లారీలు వరసగా నిలబడి ఉండేవి. ప్రతి లారీకీ చీటీ, ప్రతి చీటీకీ ముద్ర, ప్రతి ముద్రకూ పెద్ద దస్తరంలో ఒక వరస. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి పన్ను చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా ఇదే కథ. అంకె రాసి ముద్ర పడిందంటే అది నిజమే అనే నమ్మకం నాకు అక్కడ పుట్టింది. ఏ దస్తరం ఏం లెక్కపెడుతుందో, ఏం వదిలేస్తుందో చూడాలనే బుద్ధి మాత్రం రాలేదు.

సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్కన నాకొక చిన్న ఫైబర్ షెడ్డు. లారీ క్యాబిన్ లోపలి కవర్లు, బస్సు సీట్ల వెనక రేకులు, నీళ్ళ తొట్లు పోస్తాము. పెద్ద ఫ్యాక్టరీలకు సరుకు ఇచ్చేవాళ్ళకు మళ్ళీ సరుకు ఇచ్చే మూడో మెట్టు మాది. వాళ్ళు తుమ్మితే మాకు జలుబు. 2020లో కరోనాతో నెలలు నెలలు పని లేక కూర్చున్నప్పుడు, ఎవరి మీదా ఆధారపడకుండా మా షెడ్డు పేరుతో ఒక వస్తువు చెయ్యాలని పట్టుదల పుట్టింది. కాళ్ళతో తొక్కే పెడల్ బోట్లు అనుకున్నాను. అచ్చు చెయ్యడం వచ్చు, పొయ్యడం వచ్చు. బ్యాంకులో అడిగింది ఒక్కటే: మార్కెట్ ఎంత? ఎంతమంది పడవ ఎక్కుతారు?

మంచి ప్రశ్న అది. దానికి నేను వెతికిన తీరే తప్పు.

పడవ ఎక్కేవాళ్ళ లెక్క అని విడిగా నాకేమీ దొరకలేదు. కేంద్ర పర్యాటక శాఖ ఏటా వేసే గణాంకాల పుస్తకం దొరికింది. అందులో 2019లో దేశంలోపల పర్యాటకుల రాకపోకలు 232 కోట్లు. తమిళనాడుకు 49 కోట్లకు పైన. 53 కోట్లతో ఉత్తరప్రదేశ్ మొదటిది, మనది రెండోది. 23 కోట్లకు పైగా ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ముందు వరసలోనే ఉంది. అది చూడగానే నా గుండె వేగంగా కొట్టుకుంది. నూటికి ఒక్కరు పడవ ఎక్కినా 49 లక్షలు కదా అని రాసేసినాను. ఆ నూటికి ఒక్కరు ఎక్కడినుంచి వచ్చినారు? ఎక్కడినుంచీ రాలేదు. నేను పుట్టించినాను. ఒకటి అనేది చిన్న అంకె కాబట్టి అది వినయంగా, జాగ్రత్తగా వేసిన అంచనాలాగా కనబడింది. చూపించిన ప్రతి ఒక్కరూ "నూటికి ఒక్కరే కదా, అంతకంటే ఎక్కువే ఉంటారులే" అన్నారు.

ఇంకా పెద్ద తప్పు 49 కోట్లలోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు మొత్తం 7 కోట్ల 21 లక్షల మంది. దేశమంతా కలిపినా 232 కోట్ల మంది లేరు. అంటే అది మనుషుల లెక్క కాదు, రాకల లెక్క. ఒక మనిషి ఏడాదిలో మధుర, పళని, రామేశ్వరం, తిరువణ్ణామలై పోయి వస్తే నాలుగు. గుడికి పోయినవాడూ, పెళ్ళికి పోయి లాడ్జిలో దిగినవాడూ అందులోనే. పుస్తకం ఏమీ దాచలేదు, రాకలు అని స్పష్టంగానే రాసింది. నేను దాన్ని మనుషులు అని చదివినాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా 49 కోట్లను 7 కోట్ల పక్కన పెట్టి చూస్తే ఆగిపోయేవాడు. నేను ఆగలేదు. ఆగడం ఇష్టం లేకపోయింది. కరోనాతో 2020 లెక్క దేశమంతా కలిపి 61 కోట్లకు పడిపోయిందని తర్వాత తెలిసినప్పుడు కూడా, రేపు మళ్ళీ పాత అంకె వస్తుందిలే అని 2019నే పట్టుకొని కూర్చున్నాను.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకును కూడా అడిగినాను. వాడు ఒక సరస్సు ఒడ్డున తీసిన ఫొటో పంపినాడు. పడవ ముందు భాగంలో రెండు పక్కలా కారు నంబరు లాగా పెద్ద అక్షరాలు. "ఆ అక్షరాలు మూడు అంగుళాలకు తగ్గకూడదు మామా, చట్టం" అన్నాడు. అక్కడ మోటారు పడవలకు రాష్ట్రాలు నంబర్లు ఇచ్చే పద్ధతి 1958 చట్టంతో వచ్చింది. వాళ్ళ తీర రక్షక దళం ఏటా లెక్కలు వేస్తుంది. 2023లో నమోదైన పడవలు దగ్గర దగ్గర 1 కోటి 15 లక్షలు, విహారంలో చచ్చిపోయినవాళ్ళు 564 మంది. పడవల లెక్క చూస్తే దాదాపు ముప్పై మంది జనానికి ఒక పడవ. వాడు ఫొటో పంపిన రోజు నాకు వచ్చిన ఆలోచన ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. మన కృష్ణగిరి జిల్లాలో 2011 లెక్కకు 18 లక్షల 79 వేల మంది ఉన్నారు, అమెరికాలో పదో వంతు వచ్చినా ఆరు వేల పడవలు అనుకున్నాను. ఇంటి ముందు ట్రైలరు మీద సొంత పడవ పెట్టుకునే దేశం వేరు, అరగంటకు టికెట్ కొని చెరువులో ఒక చుట్టు తిరిగి వచ్చే దేశం వేరు. అది తెలియని వయసేమీ కాదు నాది.

పని మాత్రం ప్రాణం పెట్టి చేసినాను. అచ్చుకు మైనం పూసి, మెత్తటి గుడ్డతో అద్దంలాగా మెరిసేదాకా రుద్ది, ఆరనిచ్చి మళ్ళీ పూసేవాళ్ళం. దానిమీద రంగు కలిపిన గెల్‌కోట్. వేలు ఆనిస్తే బంక తగిలి, రంగు మాత్రం వేలికి అంటకూడదు. ఆ అదను చూసి గాజునూలు మ్యాట్ పరచాలి, హార్డనర్ కలిపిన రెసిన్‌తో తడపాలి, ఇనుప రోలరుతో గాలి బుడగలన్నీ అంచుకు తరిమెయ్యాలి. హార్డనర్ చుక్క ఎక్కువైతే డబ్బాలోనే వేడెక్కి గట్టిపడుతుంది. ఒక్క బుడగ లోపల మిగిలినా కొన్నాళ్ళకు ఎండకు అక్కడే పగులు పడుతుంది. సీట్ల కింద బోలు భాగాల్లో ఫోమ్ నింపి మూసినాము, నీళ్ళు నిండినా పడవ మునగకుండా. అచ్చులోంచి తీసిన ప్రతి ముక్కనూ వెనక లైటు పెట్టి చూసేవాణ్ణి, బుడగ ఉంటే మచ్చలాగా కనబడుతుంది. ఫైబరుకు అంత చేసినవాణ్ణి, ఆ 49 లక్షల వెనక ఒక్క రోజు కూడా లైటు పెట్టలేదు.

ఒక్క ఆర్డరూ లేకుండానే పన్నెండు పడవలు పోసినాను. 2021 ఏప్రిల్‌లో రెండో అల వచ్చింది. చెరువుల దగ్గర జనం లేరు. తర్వాత తెరిచినప్పుడు అమ్ముడుపోయినవి మూడు. మిగతా తొమ్మిది షెడ్డు పక్కన కానుగచెట్టు కింద వరసగా పడి ఉన్నాయి. వానకు నీళ్ళు నిండేవి, ఆకులు రాలి కుళ్ళేవి. దోమల కోసం వచ్చిన కార్పొరేషన్ మనుషులు వాటిని ఒక్కొక్కటీ బోర్లించి పోయేవాళ్ళు. బావ రోజూ సాయంత్రం ఆ దారినే నడకకు పోతాడు. పడవల పక్కకు వచ్చేసరికి తల తిప్పి రోడ్డు వైపు చూస్తా పోయేవాడు. డబ్బు మాట ఒక్క రోజూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నా కళ్ళు తెరిపించింది ఒక చెరువులో పడవలు నడిపే కాంట్రాక్టరు. అమ్మడానికి పోతే టీ తాగించి, నా రిపోర్టు ఆసాంతం చదివినాడు. "అన్నా, నీ 49 లక్షలు నిజమే అనుకుందాం. ఒక పడవ ఏడాదికి ఎంతమందిని తిప్పుతాది?" అన్నాడు. తెలీదన్నాను. శని ఆదివారాలు, పండగలు, వానలు అన్నీ వేసి, సుమారుగా రెండున్నర వేలు అన్నాడు. "అట్లయితే రాష్ట్రమంతటికీ రెండు వేల పడవలు చాలు. ఒక పడవ ఎనిమిదేళ్ళు వస్తాది. అంటే ఏడాదికి కొనేది రెండువందల యాభై. అది పొయ్యేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? పడవ ఎక్కేవాడు నీ గిరాకీ కాదన్నా. నేను నీ గిరాకీ. చెరువుకు ఒక్కణ్ణే ఉంటాను. మా చెరువులో నీళ్ళుండేది కూడా అన్ని నెలలూ కాదు."

అయిదు నిమిషాల్లో, టీ గ్లాసు కింద పెట్టకముందే చేసినాడు ఆ లెక్క. నేను మూడు నెలలు కంప్యూటరు ముందు కూర్చున్నాను.

నీళ్ళ సంగతి ఆయన చెప్పకముందే నాకు తెలిసి ఉండాల్సింది. దక్షిణ పినాకిని మా పక్కనే పారుతుంది, తమిళంలో తెన్‌పెణ్ణై అంటారు. నంది కొండల్లో పుట్టి, బెంగళూరు మురుగు కలుపుకొని, నురగలు కక్కుతా కెలవరపల్లి ఆనకట్టకు వస్తుంది. కింద కృష్ణగిరి డ్యాం 1950ల్లో కట్టినది, నిండితే 52 అడుగులు. 2017 నవంబరులో దాని గేటు ఒకటి విరిగి, దాచుకున్న నీళ్ళు దిగువకు పోవడం జిల్లా అంతా చూసింది. నేనూ పోయి గట్టున నిలబడి చూసినాను. ఉన్న నీళ్ళు అట్లా పోవడం కళ్ళారా చూసినవాణ్ణి, ఏడాది పొడుగునా చెరువులు నిండి ఉంటాయన్నట్టు కాగితం మీద 365తో గుణించినాను.

కెలవరపల్లిలో నిండు మట్టం 44.28 అడుగులు అని పేపర్లో వేస్తారు. అడుగులో నూరో వంతు దాకా లెక్క. మా జిల్లాలోనే, కావేరి తమిళనాడులోకి దిగే చోట బిళిగుండ్లు ఉంది. ఎన్ని క్యూసెక్కులు వచ్చాయని కేంద్ర జల సంఘం మనుషులు అక్కడ కొలుస్తా ఉంటారు, రెండు రాష్ట్రాల తగాదా ఆ కొలత మీద నడుస్తుంది. ప్రవాహం పెరిగితే దిగువన హొగెనకల్‌లో పరిసళ్ళు ఆపేస్తారు. మన కృష్ణా తీరంలో పుట్టి అంటారే, అదే అక్కడ పరిసలు. నీటికి ఇంత లెక్క ఉందే, ఆ నీటి మీద తేలే మనిషికి ఏ లెక్క ఉందో చూద్దామని అప్పుడు బుద్ధి పుట్టింది. అప్పటికి అప్పు తీర్చడం మొదలై ఏడాది దాటింది. అమ్మడానికి కాదు, ఊరికే తెలుసుకోవాలని ఒక నోటుబుక్కు తీసుకొని ఆ కాంట్రాక్టరు చెరువు దగ్గర ఆదివారాలు కూర్చోవడం మొదలుపెట్టినాను.

మొదటి ఆదివారమే తెలిసింది. టికెట్టు మనిషికి కాదు, పడవకు. నలుగురి పడవలో ఇద్దరు పోయినా ఒక టికెట్టే, ఒళ్ళో ఇద్దరు పిల్లలతో ఆరుగురు పోయినా ఒక టికెట్టే. పిల్లలు ఏ పుస్తకంలోనూ లేరు. ఒక నాయన కొడుకు ఏడుస్తున్నాడని మూడుసార్లు ఎక్కినాడు, పుస్తకంలో మూడు కుటుంబాలు. సాయంత్రం అయిదు దాటి రద్దీ పెరిగితే టికెట్టు చించకుండానే ఎక్కించేస్తారు, అది చీకటిపడ్డాక గుర్తున్నంత వరకు రాసుకుంటారు. లైఫ్ జాకెట్లు పెద్దవాళ్ళ కొలతవే ఎక్కువ. పిల్లలకు వేస్తే మోకాళ్ళ దాకా వస్తాయి, చేతులు పైకెత్తితే జారి పైకి వచ్చేస్తాయి.

ఆ జాకెట్లు చూస్తా ఉంటే నా లెక్క మీద నాకు ఇంకో రకం భయం పట్టుకుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే పడవ మునిగినప్పుడు ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాము. పడవలో ఎంతమంది ఉన్నారనే అంకె మొదటి రోజు ఒకటి, మర్నాడు ఒకటి, తర్వాత ఇంకొకటి. చివరకు 77 అన్నారు. ప్రాణాలతో బయటపడినవాళ్ళు 26 మంది. మునిగిన పడవలు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం ఆ పడవను బయటికి లాగింది అక్టోబరు 22న, అయిదు వారాలు దాటినాక. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, కార్తీకమాసంలో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయినారు. రెండూ ఆదివారాలే. ఎంతమంది ఎక్కినారో ఒడ్డున ఎవరూ రాసుకోకపోతే, ఎంతమంది కోసం వెతకాలో నీళ్ళలో దిగినవాడికి ఎట్లా తెలుస్తుంది? నేను వ్యాపారం కోసం వెతికిన అంకె, ఒడ్డున టికెట్టు గుమాస్తా చేతిలో సరిగ్గా పుట్టాల్సిన అంకె. అక్కడ పుట్టకపోతే పైన ఏ పుస్తకంలోనూ ఉండదు. అమెరికా వాళ్ళ 564 కూడా మొదట ఏదో ఒక ఒడ్డున ఎవరో రాసుకున్నదే. ఆ ఏడాది చనిపోయిన తీరు తెలిసినవాళ్ళలో నూటికి 75 మంది మునిగి పోయినవాళ్ళేనట. వాళ్ళలోనూ జాకెట్టు వివరం తెలిసినవాళ్ళను తీసుకుంటే నూటికి 87 మంది జాకెట్టు వేసుకోనివాళ్ళేనని ఆ లెక్కలోంచే తేలింది. అంత ఉపయోగం ఉన్న పనిని నేను బ్యాంకు కాగితం నింపడానికి వాడుకున్నాను.

మన దేశంలో 1917 నాటి లోతట్టు జలరవాణా చట్టం తీసేసి 2021లో కొత్తది తెచ్చినారు. మోటారు లేని పడవలను కూడా స్థానికంగా నమోదు చెయ్యాలని అందులో ఉంది. అంటే నా పెడల్ బోటుకూ, హొగెనకల్ పరిసలుకూ ఒక చిట్టాలో చోటు ఉండాలి. ఇది చదివిన రోజు నేను షెడ్డుకు పోయి, కానుగచెట్టు కింది తొమ్మిది పడవలూ కడిగించి, ఒక్కోదానికి మూడు అంగుళాల అక్షరాలతో నంబరూ, ఎంతమంది కూర్చోవచ్చో ఆ అంకెనూ వేయించినాను. అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అయినా వేయించినాను.

నోటుబుక్కులో నాలుగో వారానికి ఇంకో గడి గీసినాను. గట్టు మీద కూర్చున్నవాళ్ళు. ఎక్కినవాళ్ళనే లెక్కపెడతా ఉంటే, వాళ్ళతో వచ్చి ఎక్కనివాళ్ళు అంతకంటే ఎక్కువమంది కనబడినారు. దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఒక అవ్వ, ఒక పిన్నమ్మ, ఒక కోడలు ఒడ్డున ఆగిపోతారు. అందరి చెప్పులూ, సంచులూ, సెల్‌ఫోన్లూ వాళ్ళ దగ్గర. పడవ తిరిగి వచ్చేదాకా చెయ్యి ఊపుతా ఉంటారు. ఎందుకు ఎక్కలేదమ్మా అని అడిగితే, భయం అన్నవాళ్ళు తక్కువే. చీర తడుస్తుందని ఒకరు. తొక్కాలంటే చీర మోకాలి పైకి పోతుందని ఇంకొకరు. అంత ఎత్తు కాలెత్తి ఎక్కలేనని, పట్టుకోను ఏమీ లేదని చాలామంది. నా పడవ అంచు గట్టు మట్టానికి దాదాపు మోకాలెత్తు ఉంటుంది. అది నేను గీసిన కొలత. ప్యాంటు వేసుకున్న మగవాడి కాలికి గీసినాను.

ఏ పర్యాటక పుస్తకంలోనైనా ఈ గడి ఉంటుందా? నాకు కావాల్సిన గిరాకీ అంతా ఈ గడిలోనే ఉంది. మా అక్క అడిగింది ఈ గడి గురించే. మనింట్లో యెవురన్నా ఎక్కినారా అని.

పోయిన వేసవిలో ఒక పడవ పక్కను కోసి, లోపలికి ఒక మెట్టు దించి, చేతికి పట్టుకోవడానికి గొట్టం వంచి పెట్టినాను. పెడళ్ళు ముందు సీటుకే ఉంచి, వెనక సీటు ఊరికే కూర్చొనేటట్టు మార్చినాను. కోసిన చోట మళ్ళీ మ్యాట్ వేసి, మూడు పొరలు రెసిన్ పట్టించి, లైటు పెట్టి చూసినాను. కాంట్రాక్టరు నెల రోజులు తన దగ్గర తిప్పి చూస్తానని తీసుకుపోయినాడు, డబ్బు తర్వాత. బావకు ఇంకా లక్షా అరవై వేలు ఇవ్వాలి.

మొన్న ఆదివారం అక్కనూ బావనూ అక్కడికి తీసుకుపోయినాను. బావ ముందు ఎక్కి పెడల్ మీద కాళ్ళు పెట్టినాడు. అక్క గట్టు మీదే నిలబడి, కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకొని, మెట్టు వైపూ గొట్టం వైపూ కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విప్పి చేతిలోకి తీసుకొని అడిగింది.

"ఇవి యాడ పెట్టాలరా?"

చెప్పులకు నేను చోటు పెట్టలేదు. జేబులోంచి టేపు తీసి, వెనక సీటు కింద ఎంత వెడల్పు దొరుకుతుందో కొలిచినాను. గుమాస్తా నా నోటుబుక్కు పట్టుకొని నిలబడి ఉన్నాడు. అక్క చెప్పులు నాకిచ్చి, గొట్టం పట్టుకొని మెట్టు మీద కాలు పెట్టింది.